ఆల్టన్‌లో ఆకాశమంత అబ్బాయి!

పెళ్లి సంబంధాల దగ్గర 'ఆరడుగుల అందగాడు' అంటే అంతకు మించిన కితాబు ఉండదు. మరి ఆరు దాటి, ఏడు దాటి, ఎనిమిది కూడా దాటి, తొమ్మిదికి ఒక్క అంగుళం తక్కువలో ఆగితే? అది తెలియాలంటే అమెరికాలోని ఆల్టన్‌ వెళ్లాలి.

ఇలినాయ్‌ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున, సెయింట్‌ లూయిస్‌ నగరానికి కాస్త ఎగువన ఉంటుందీ ఊరు. 1858లో లింకన్‌, డగ్లస్‌ల చిట్టచివరి చర్చ జరిగిందిక్కడే. జాజ్‌ విద్వాంసుడు మైల్స్‌ డేవిస్‌ పుట్టిందీ ఇక్కడే. అయినా వచ్చినవాళ్లు కాలేజ్‌ అవెన్యూకి వెళ్లకుండా తిరిగిపోరు. అక్కడుంది రాబర్ట్‌ వాడ్లో నిలువెత్తు కంచు విగ్రహం. నిలువెత్తు అంటే... 8 అడుగుల 11 అంగుళాలు! పక్కనే అతని కుర్చీకి నకలు. అందులో కూర్చుంటే పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా కనిపిస్తారు.

1918 ఫిబ్రవరి 22న పుట్టినప్పుడు వాడ్లో మామూలు బిడ్డే. పిట్యూటరీ గ్రంథి అతిగా పనిచేయడంతో అయిదేళ్లకే 5 అడుగుల 4 అంగుళాలయ్యాడు. పదమూడేళ్లకి 7 అడుగుల 4 అంగుళాలు. ఆ ఎదుగుదల చివరిదాకా ఆగనేలేదు.

లాయరవుదామని ఊళ్లోని షర్ట్‌లెఫ్‌ కాలేజీలో చేరాడు కానీ చదువు సాగలేదు. కొన్నాళ్లు సర్కస్‌లో కనిపించాడు, అదీ మామూలు సూటులోనే. వింత మనిషిగా వేషం కట్టడం అతనికి నచ్చేది కాదు. 1938 నుంచి ఓ బూట్ల కంపెనీ ప్రచారకర్త అయ్యాడు. పద్దెనిమిదిన్నర అంగుళాల పాదాలకి బూట్లు కుట్టించడమంటే ఇంట్లోవాళ్లకి తలకు మించిన ఖర్చు. ఇప్పుడవి ఉచితం! పైగా ఊరూరా తిరగొచ్చు. తండ్రి హెరాల్డ్‌ కార్లో ముందు సీటు తీసేయించాడు, కొడుకు వెనక కూర్చుని కాళ్లు చాపుకోవడానికి. అలా తండ్రీకొడుకులు 41 రాష్ట్రాల్లో 800కు పైగా ఊళ్లు చుట్టారు. అంతెత్తు లేకపోతే ఆల్టన్‌ కుర్రాడికి ఆ ప్రయాణం దక్కేదా!

కానీ బూట్లతో బతుకుతున్న ఆ కాళ్లే అతని శత్రువులు. దాదాపు రెండు వందల కిలోల బరువు మోయాలి. పాదాల్లో స్పర్శ అంతంతమాత్రం. నడవాలంటే ఇనుప ఊతలు, చేతికర్ర తప్పనిసరి. 1940 జులై 4న మిషిగన్‌లోని మానిస్టీలో ఉత్సవానికి వెళ్లినప్పుడు ఊత ఒరుసుకుని చీలమండ దగ్గర బొబ్బ లేచింది. మనకైతే వెంటనే చురుక్కుమనేది. అతనికి తెలియలేదు. అది చీము పట్టి ఒళ్లంతా పాకింది. రక్తం ఎక్కించినా, ఆపరేషన్‌ చేసినా లాభం లేకపోయింది. జులై 15న నిద్రలోనే పోయాడు. వయసు ఇరవై రెండు.

పదడుగులు దాటిన శవపేటికని పన్నెండుమంది మోస్తే, మరో ఎనిమిదిమంది సాయం పట్టారు. ఓక్‌వుడ్‌ శ్మశానంలో సమాధిని కాంక్రీటుతో మూయించింది కుటుంబం, ఎవరూ ఎముకల కోసం తవ్వకుండా! అతని బట్టలు, సామాన్లు చాలావరకు నాశనం చేసేశారు. అవి ఏ ప్రదర్శనలోనో వింత వస్తువులైపోతాయన్న భయం వాళ్లది.

అందుకే ఆల్టన్‌ వచ్చినవాళ్లంతా విగ్రహం దగ్గరే ఎక్కువసేపు గడుపుతారు. పక్కన నిలబడి ఫొటో దిగితే ఆరడుగుల అందగాళ్లు కూడా ఛాతీ దాటరు.