కార్డున్నది గద సారూ!

పిట్లంలో బీపీ గోలీలు బందుపెట్టిన ముసలివాళ్లను ఎందుకు మానేశారని అడిగితే చాలామంది నోట వచ్చేది ఒకటే మాట: "కార్డున్నది గద సారూ!"

ఉంది, కాదనను. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. 2024 అక్టోబరు నుంచి, ఉన్నోళ్లా లేనోళ్లా అని చూడకుండా, 70 ఏళ్లు నిండినవాళ్లందరినీ ఆయుష్మాన్ కిందికి తెచ్చారు. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకున్న ఇళ్లు చూసినవాణ్ణి, ఆ విలువ నాకు తెలుసు.

కానీ ఆ కార్డు కదిలేది మనిషి మంచం పట్టాకే. నెలనెలా మింగే గోలీకి పైసా రాదు. పక్షవాతానికి ప్యాకేజీ ఉంది. పక్షవాతం రాకుండా ఆపితే ఏ ప్యాకేజీ లేదు.

ఒక పెద్దమనిషి కళ్లు తిరుగుతున్నాయని వచ్చాడు. బీపీ 210. "ఒక గులుకోజు ఎక్కియ్యిండ్రి, అదే తగ్గుతది" అన్నాడు. ఊళ్లో ఆరెంపీ అంతకుముందే ఒకటి ఎక్కించాడట! జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మడత పడకుండా కార్డు, పింఛను కాగితం, పది గోలీల పట్టీ. మూడే ఖాళీ. మిగతావి తల తిరిగినప్పుడు వేసుకుంటాడట.

"తాతా, బీపీకి నొప్పుండదు. నీకు తెలియకుండానే మెదడులో నరం చిట్లుతది" అని గట్టిగానే కోప్పడ్డాను.

"అట్లయితే నిజామాబాద్ తీస్కపోతరు తీ."

తీసుకుపోయారు కూడా. కుడి పక్క పడిపోయింది. కార్డు వంక పెట్టడానికి లేకుండా పనిచేసింది. ఇంటికి పంపాక 15 రోజుల మందులూ అందులోనే. ఆ తర్వాత ఫిజియోథెరపీ, డైపర్లు, ఆటో కిరాయి అన్నీ 2016 రూపాయల పింఛనులోంచే. కొడుకు దుబాయ్‌లో. అన్నం తినిపించేది ముసలామె.

బీపీ గోలీలు సబ్‌సెంటర్లో ఊరికే ఇస్తారు. తండా నుంచి అక్కడిదాకా పోయిరావడమే ఊరికే కాదు. అందుకని గోలీలు మానేసినవాళ్లను తిట్టబోయి సగంలోనే ఆగిపోతుంటాను.

మొన్న ఆయన కాగితాలు పట్టుకొచ్చిన ముసలామెకు బీపీ చూశాను. 180. "నాకేమైంది సారూ, మంచిగనే ఉన్న" అంది. గోలీలు రాస్తుంటే కొంగుముడి విప్పి పాత పట్టీ తీసింది.

"ఆయనవి మిగిలినయ్. ఇవే ఏస్కోవచ్చునా?"

మందు అదే. తేదీ చూశాను, గడువుంది. రోజుకొకటి, తల తిరిగినా తిరగకపోయినా వేసుకోమన్నాను. అవి అయ్యేలోపు సబ్‌సెంటరుకు పోకపోతే ఊరుకోనని కూడా చెప్పాను.