బరబట్టి అంటే మన బొబ్బరకాయే

రాయపూర్ వచ్చిన కొత్తలో కూరగాయల బండివాడు "బరబట్టీ" అని కేకేస్తుంటే అదేం కూరో అనుకున్నా. తీరా చూస్తే మన పొడుగు బొబ్బరకాయలే! ఈ ఏడు తొలకరికి పెరట్లోనే నాలుగు గింజలు పెట్టా. ఓ తాడు కట్టి వదిలేస్తే చాలు, తీగ తనే చుట్టుకుంటూ పైకి పాకింది. నెలన్నరకి పూత. లేత ఊదారంగు పూలు పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి. కాయలు జంటలు జంటలుగా, మూరెడు పొడవున వేలాడుతున్నాయి.

మొదటి కోతలో ఓ పొరపాటు చేశా. కాయల్ని కాడతో సహా తుంచేశా. ఆ కాడ కొసనే మళ్లీ పూత వస్తుందట! ఇప్పుడు కాయ మొదట్లో గిల్లుతున్నా. తీగ మీద చీమలు బారులు కట్టాయంటే పేనుబంక పట్టినట్టే. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లితే తగ్గింది.

కాపయ్యాక తీగను వేళ్లతో పీకకండి, మొదలు దగ్గర కోసేయండి. వేళ్ల బుడిపెల్లోని నత్రజని ఆ మట్టికే ఎరువు.

విత్తనానికి నాలుగు కాయలు ముదరనిస్తున్నా. రాయపూర్‌లో ఉన్న మనవాళ్లెవరికైనా కావాలంటే అడగండి.