నోట్లో నాలుక లేని మంచితనం

పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే చోట అబ్బాయి గురించి పెద్దవాళ్ళు ఇచ్చే గొప్ప యోగ్యతాపత్రం ఒకటుంది: "కుర్రాడు బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేదు." తాగడు, తిరగడు, ఎదురు చెప్పడు, తల్లి గీసిన గీత దాటడు. పిల్ల తండ్రికి ఇంతకన్నా ఏం కావాలి? అమ్మాయి మాత్రం "మంచివాడే కానీ..." అని ఆగిపోతుంది. ఆ తర్వాత మాట పెగలదు. పైకి అంటే మంచితనాన్నే కాదన్నట్టు అవుతుందేమోనని జంకు. ఇటు కాలేజీ కుర్రాళ్ళు ఈ తటపటాయింపు చూసి ఒక సిద్ధాంతం కట్టేసుకున్నారు: ఆడపిల్లలకు మంచివాళ్ళు నచ్చరు, మొరటువాళ్ళే నచ్చుతారు అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆడవాళ్ళ తెలివినీ మగవాళ్ళ మంచితనాన్నీ ఒక్క దెబ్బకు తీసిపారేసే మాట అది. పైగా నిజం కాదు.

డేవిడ్ బస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1989లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. 37 సమాజాల్లో 10 వేల మందికి పైగా ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ జీవిత భాగస్వామిలో ఏ గుణాలు కోరుకుంటారని అడిగారు. దయ, ఎదుటివాళ్ళను అర్థం చేసుకునే మనసు, తెలివి: వీటిని ఆడా మగా ఇద్దరూ సంపాదనకూ అందానికీ పైనే పెట్టారు. అడిగితే అందరూ అలాగే చెబుతారు, మనసు పడేది ఇంకొకరి మీద అని మీరు అనవచ్చు. 1995లో జెన్సెన్-క్యాంప్‌బెల్, గ్రాజియానో, వెస్ట్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా ఆ అనుమానాన్నే పరీక్షకు పెట్టారు. మగవాడిలో ధాటి, దయ రెండూ ఎక్కువ తక్కువలుగా ఉన్నప్పుడు అమ్మాయిలకు ఎవరు నచ్చుతారో చూశారు. దయ లేనివాడికి ధాటి ఎంతున్నా అది కలిసిరాలేదు. దయ ఉన్నవాడికి ధాటి తోడైతే ఆకర్షణ పెరిగింది. అంటే ఆ అమ్మాయిలు మంచితనాన్ని కాదనలేదు. దానికి ఒక వెన్నెముక ఉందా అని చూశారు, అంతే.

మరి మనం మంచివాడంటున్నది ఎవరిని? మనుషుల స్వభావాన్ని అయిదు పెద్ద గుణాలుగా విడదీసి చూడడం మనస్తత్వ శాస్త్రంలో బాగా స్థిరపడిన పద్ధతి. అందులో ఒకటి సౌమ్యత. కోస్టా, మెక్రే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తమ ప్రశ్నావళిలో ఆ ఒక్క గుణంలోనే ఆరు పాయలు చూపించారు: ఎదుటివాళ్ళను నమ్మడం, సూటిగా మాట్లాడడం, పరోపకారం, తగ్గి సర్దుకుపోవడం, వినయం, జాలిగుండె. ఈ ఆరింటిలో మన ఇళ్ళలో మగపిల్లలకు మార్కులు పడేది ఎక్కువగా ఒక్కదానికే, సర్దుకుపోవడానికి. సూటిదనానికి మార్కులు పడకపోగా దెబ్బలు పడతాయి. "పెద్దవాళ్ళకు ఎదురు చెబుతావా?" అనే మాట వింటూ పెరిగిన పిల్లాడు పాతికేళ్ళకు మంచివాడిగా తయారవుతాడు. ఏం కావాలో చెప్పడు, ఏం నచ్చలేదో చెప్పడు.

అలాంటివాడితో కాపురం ఎలా ఉంటుందో కాస్త ఊహించండి. సినిమాకు వెళ్దామా అంటే "నీ ఇష్టం." ఇల్లు మారదామా అంటే "నీ ఇష్టం." ఇది ఔదార్యంలాగే కనిపిస్తుంది. ప్రతి నిర్ణయం బరువూ, అది బెడిసికొడితే వచ్చే నిందా మాత్రం ఆమె నెత్తినే పడుతున్నాయి. అన్నాల దగ్గర ఆడబిడ్డ ఒక మాట తూలితే ఇతను తల ఎత్తకుండా కంచంలోకి చూస్తూ కూర్చుంటాడు. రాత్రి గదిలోకి వచ్చాక, "వాళ్ళ సంగతి తెలిసిందేగా, పట్టించుకోకు" అని మెత్తగా అంటాడు. ఆ మెత్తదనంలో ప్రేమ లేదని నేననను. కానీ కావలసిన వేళకు, కావలసిన చోట అది లేదు. అమ్మాయి "కానీ..." అని ఆగింది బహుశా ఈ కంచం ముందు దృశ్యాన్ని ముందే పసిగట్టే. ఇద్దరు మగవాళ్ళు ఒకేలా "సరే" అనవచ్చు. ఒకడిది ప్రేమ కొద్దీ ఇచ్చిన సరే, రెండోవాడిది గొడవకు భయపడి ఇచ్చిన సరే. ఈ తేడా పట్టుకోవడంలో ఆడవాళ్ళు అంతగా పొరబడరని నా నమ్మకం.

ఇంకో రకం మంచితనం ఉంది, అది లోపల పద్దు రాసుకుంటుంది. నోట్సు రాసిపెట్టాను, బండి మీద దింపాను, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వెళ్ళాను, అయినా నన్ను కాదంటుందా అని. అడగకుండా ఇచ్చిన సాయానికి ప్రేమను వడ్డీగా వసూలు చేసుకోబోయే ఈ మనిషి మంచివాడు కాడు. మన పత్రికల్లో ప్రేమోన్మాది అనే శీర్షికలు చదివినప్పుడల్లా నాకు ఆ పద్దు పుస్తకమే కళ్ళముందు మెదులుతుంది.

ఆడవాళ్ళు వెతికేది మొరటుతనం కాదన్న విషయం మనకు గురజాడ కన్నా బాగా చెప్పినవాళ్ళు లేరు. ఆయన నాటకం 'కన్యాశుల్కం' మొదట 1892లో ప్రదర్శించారు, 1909లో ఆయన దాన్ని పెంచి తిరగరాశాడు. అందులో గిరీశంతో బుచ్చమ్మ వెళ్ళిపోవడాన్ని మాయమాటలకు అమాయకురాలు మోసపోవడంగానే మనం చదువుతాం. నిజమే, మోసపోయింది. అయితే ఆమె మొరటుతనానికి మనసిచ్చిందా? తండ్రి అగ్నిహోత్రావధానుల ఇంట్లో ఆ బాలవితంతువుకు తిండీ గుడ్డా ఉన్నాయి, ఆమె మీద జాలి కూడా ఉంది. తన బతుకు గురించి తనతో కూర్చుని మాట్లాడిన మగవాడు మాత్రం తమ్ముడికి చదువు చెప్పే మిషతో వచ్చిన ఈ గిరీశమే. నవ్వించాడు, కథలు చెప్పాడు, నీకూ ఒక జీవితం ఉండాలన్నాడు. అన్నీ స్వార్థం కోసమే. ఆమె నమ్మింది మాత్రం శ్రద్ధను. చెల్లని కాసు ఇచ్చినవాడిది దోషం గానీ, కాసుకు విలువ ఇచ్చినదానిది కాదు కదా. ఆ ఇంటి చుట్టుపక్కల మంచి మగవాడు ఒక్కడైనా ఆమెతో అలా కూర్చుని, నిజాయితీగా మాట్లాడి ఉంటే గిరీశానికి అక్కడ చోటుండేదా?

మొరటువాళ్ళే నచ్చుతారనే కుర్రాళ్ళు ఆ నాటకంలోని వేశ్య మధురవాణిని శ్రద్ధగా చదవాలి. మగవాళ్ళను ఆమె అంత దగ్గరగా చూసినవాళ్ళు ఆ కథలో లేరు. గిరీశం వాగ్ధాటి చూసింది, రామప్పంతులు దర్జా చూసింది. పంతుల్ని అతని ఎదుటే ఆటపట్టించగలదు. ఆమె మనసు తగిలింది సౌజన్యారావు పంతులు దగ్గర. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు ఆయన. ఫీజు కోసం కాక న్యాయం కోసం లుబ్ధావధానులనే ముసలాయన కేసు భుజాన వేసుకున్నాడు. మెత్తనివాడు కాదు, పట్టుదల గల మనిషి. అందుకే మధురవాణి మగవేషం వేసుకుని మరీ ఆయన గడప ఎక్కింది, వాదించింది, ఆయన నియమంలోని కాఠిన్యాన్ని నిలదీసింది. ఆ కేసులో తాను చేసిన మేలుకు ప్రతిఫలంగా ముద్దు అడిగింది. తీరా ఆయన మాట నిలుపుకోబోతే తనే వద్దని వదిలేసింది. పద్దు రాసుకునే మగవాళ్ళ మధ్య బతికిన మనిషి, తనకు రావలసిన బాకీని తనే కొట్టేసింది.