నల్ల పావులు మాకే వచ్చినయ్



కోస్గి హాస్టల్ నుంచి రాస్తున్నం. కాలేజీ ఆటల పోటీలకు మమ్మల్ని అడగకుండానే రన్నింగ్, కబడ్డీలో పేర్లు రాసేసిన్రు. "చెస్ రాయండి సార్" అంటే పక్కనున్నాయన నవ్విండు. "అది కూసొని ఆడేది, మీకెందుకురా" అన్నడు. ఆ మాట రాత్రి అన్నం కాడ గూడ మా నడుమనే ఉంది.

మా రూముకు ఒకటే బోర్డు. నల్ల ఏనుగు ఒకటి పోతే సీసా మూత పెట్టి ఆడుతం. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌ల 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి ఒక్క ఫోన్ చుట్టూ మూగి ఆటలు చూసుడే పని. అట్ల దొరికింది 1956 అక్టోబర్ 17న న్యూయార్క్‌లో డొనాల్డ్ బర్న్ మీద బాబీ ఫిషర్ ఆడిన ఆట. ఫిషర్‌కు అప్పుడు 13 ఏండ్లు, నల్ల పావులు. తెల్లాయన నడిమిట్ల రెండు బంట్లు నిలబెడితే ఈ పిల్లగాడు అడ్డం పోడు. రాజును కోటలో దాచి సప్పుడు చేయకుండ ఉంటడు. భయపడ్డడనుకున్నం. గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అంటే అదేనట: నడుమ జాగ ఎదుటోణ్ని పట్టుకోనియ్యాలె, తర్వాత పక్కల నుంచి కొట్టాలె. 17వ ఎత్తుల మంత్రినే వదిలేసిండు. ఫోన్ ఆపి మస్తు కొట్లాడుకున్నం, ఇది తప్పేనని. ఆ తర్వాత చెక్కు మీద చెక్కు పడుతుంటే తెల్ల రాజు రెండు గళ్ల మధ్యనే అటూ ఇటూ తిరిగిండు. మంత్రికి బదులు ఏనుగు, రెండు ఒంటెలు, ఒక బంటు వచ్చినయ్. 41వ ఎత్తుకు మేట్.

చివరికి చెస్‌లో ఒక్క పేరు రాసిన్రు. కూసున్నది ఒకడే, ఆడింది ఆరుగురం. ఎదుటోడు కోచింగ్ తీసుకున్న పిల్లగాడు. నల్లవి మాకే వచ్చినయ్. వాడి బంట్లు నడుమకు వస్తే రానిచ్చినం. వెనకున్న మావోళ్లే "అరేయ్, ఏం ఆడుతున్నడురా" అని గొణిగిన్రు. తర్వాత సి బంటును తోసినం. గుర్రం, ఒంటె కలిసి డి4 బంటు మీద పడ్డయ్. అది కాపాడుకోనీకె వాడి పావులన్నీ అక్కడే ఇరుక్కున్నయ్, ఆఖరికి బంటు పోయింది. మంత్రినైతే వదల్లేదు, అంత ధైర్యం మాకెక్కడిది. ఒక్క బంటు ఎక్కువతోటి మెల్లగ లాగి గెలిచినం.

మరుసటి రౌండ్‌ల తెల్లవి వచ్చినయ్. తొందరపడి ఓడినం, అది గూడ చెప్పాలె.

వచ్చే ఏడు రెండు పేర్లిస్తం. రెండో పేరు గర్ల్స్ హాస్టల్ చెల్లెది, మమ్మల్నందర్నీ ఓడగొడుతది. ఎవరి దగ్గరన్న పాత బోర్డుల నల్ల ఏనుగు మిగిలుంటే చెప్పండి.