ఫిట్‌నెస్ అడగండి, జబ్బు పేరు కాదు

ఎర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు వైపు నుంచి కడపకు వైద్యానికి వచ్చేవాళ్లలో సిమెంటు ఫ్యాక్టరీల్లో, నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల నోట నేను తరచూ వినే మాట ఒకటుంది: "కంపెనీవాళ్లకు మాత్రం చెప్పొద్దు సార్."

ఒక స్టోర్సు ఉద్యోగి ఎన్నో ఏళ్లుగా హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నాడు. ఆరోగ్యం బాగుంది, పనికి లోటు లేదు. అతని పూర్తి రిపోర్టులు పంపమని కంపెనీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. దాంతోపాటు అతని సమ్మతి పత్రం జిరాక్సు కూడా ఉంది. వైద్య సమాచారం ఏదైనా, కంపెనీ చెప్పిన ఎవరికైనా ఇవ్వవచ్చని అందులో సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే వాక్యం. కింద తెలుగులో సంతకం. అడిగితే అతనన్నాడు: "చేరిన పొద్దు ఓ కట్ట కాగితాలు ముందర పెట్టినారు సార్. వేలు చూపిన చోటల్లా సంతకం చేసినా."

దాన్ని నేను సమ్మతిగా లెక్కపెట్టలేదు. స్టోర్సు పనికి యోగ్యుడని మాత్రం రాసి, అది కూడా అతనికి చదివి వినిపించాకే పంపాను. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, ఉద్యోగం కోసం హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమనకూడదు. వైద్యుడు ఆ విషయం బయటపెట్టాలంటే రోగి అన్నీ తెలుసుకుని ఇచ్చిన రాతపూర్వక సమ్మతి కావాలి. మిగతా జబ్బుల విషయంలోనూ రోగి రహస్యం కాపాడమనే 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ప్రమాదం, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వ్యాధి లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి.

ప్రభుత్వానికి తెలపాలన్న మినహాయింపు కార్మికుడికే మేలు చేసే సందర్భమూ ఉంది. గనిలో డ్రిల్లింగ్ చేసే ఒకాయన దగ్గు, ఆయాసంతో వచ్చాడు. అంతకుముందు టీబీ అనుకుని మందులు వాడాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లోనూ చిన్నచిన్న మచ్చలు. రాతి దుమ్ముతో వచ్చిన సిలికోసిస్ అది. ఆయనా చెప్పొద్దనే బతిమాలాడు. ఇలాంటి జబ్బును వైద్యుడు గనుల భద్రతాధికారులకు తెలపాలన్నది 1952 నాటి గనుల చట్టం నుంచీ ఉన్న నిబంధన. కార్మికుల నష్టపరిహార చట్టం కూడా దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. రిపోర్టు ఎవరికి వెళ్తుందో, అందులో ఏముంటుందో, పరిహారానికి అది ఎలా ఆధారమవుతుందో ఎక్స్‌రే చూపిస్తూ చెప్పాను. "అట్లయితే రాయండి సార్" అన్నాడు.

సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అంటోంది. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని అదే చట్టం యజమానికి వెసులుబాటిచ్చింది. ఆ వెసులుబాటును జబ్బుల వివరాల దాకా లాగడం అన్యాయం. పనికి తగినవాడా, ఏ పనులు చేయకూడదు, ఎన్నాళ్లు విశ్రాంతి కావాలి: యజమానికి ఇంతవరకు తెలిస్తే చాలు.

కార్మిక సోదరులారా, సంతకం పెట్టేముందు ఏ సమాచారం, ఎవరికి, దేనికోసం, ఎంతకాలం అని అడగండి. తెలుగులో చదివి వినిపించమనండి. తోటి వైద్యులారా, సర్టిఫికెట్‌లో అవసరానికి మించి ఒక్క మాటా రాయకండి.