మంద్రస్వరం కోసం హొనొలూలూలో

1879 ఆగస్టు 23వ తేదీన రేవెన్‌స్క్రాగ్ అనే ఓడ హొనొలూలూ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికని మదీరా ద్వీపవాసులు వందలకొద్దీ అందులోంచి దిగారు. నూనెష్, డియాష్, ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు కొయ్యపనివాళ్ళు కూడా వారిలో వున్నారు. మదీరావాళ్ళ నాలుగు తీగల చిన్న వాద్యమే యీ దీవుల్లో కాస్త రూపు మార్చుకుని ఉకులేలే అయింది. ఆ మాటకు గెంతే పురుగు అని అర్థం చెబుతారు. కలకౌవా రాజు ఆదరించడంతో కూలివాళ్ళ వాద్యం కొలువెక్కింది.

సెలవుల్లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆ పురుగు గెంతులు వారం వారం విన్నాను. ఆ రాజుగారి రాణి పేరిట 1877లో వెలసిన కపియొలానీ పార్కులో, మర్రిచెట్టు నీడన, ఇరుగుపొరుగు వాళ్ళు ఆరేడుగురు చేరతారు. ఎదురుగా డైమండ్ హెడ్ కొండ, వెనక సముద్రం. ఇంకేం కావాలి అంటారా? కావలసింది మంద్రం! మామూలు ఉకులేలేలో నాలుగో తీగ కూడా హెచ్చు స్థాయిలోనే వుంటుంది. అందరూ పైస్థాయిలోనే గలగలలాడుతుంటే, తంబురా లేని కచేరీలా వుంది నా చెవికి.

చెల్లెలి బాధ వేరు. చిన్నప్పుడు వీణ నేర్చిన చెయ్యి. ఇప్పుడు కీళ్ళ నొప్పి వల్ల మూడు వేళ్ళు ఒక్కసారి నొక్కలేదు. "అన్నయ్యా, ఇంక చప్పట్లు కొట్టడానికే వెళ్ళాలి గాబోలు," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. రెండు వారాలు అసలు వెళ్ళనే లేదు.

బాస్ ఉకులేలే సంగతి అప్పుడు తెలిసింది. ఓవెన్ హోల్ట్ అనే పనివాడి ఊహను కాలా కంపెనీ యీ శతాబ్దపు మొదటి దశకం చివర బజారులోకి తెచ్చింది. బాస్ గిటారుకు తీగ పొడుగు 34 అంగుళాలైతే దీనికి సుమారు 20. అయినా అడుగు స్వరం అదే, సెకనుకు 41 కంపనాలు. పొట్టి తీగ అంత కిందికి దిగాలంటే లావుగా, వదులుగా వుండాలి గదా! అందుకని పాలీయురితేన్‌తో రబ్బరు తాడువంటి తీగలు వేశారు. మెత్తనివి, వేలికి నొప్పి లేదు. ఒకసారికి ఒక స్వరం చాలు. సా, మ, ప తెలిస్తే సగం పాటలకు తోడు పోవచ్చు.

మా బావ మాత్రం తయారు చేద్దామన్నాడు. పాత బారిటోన్ ఉకులేలే ఒకటి ఇంట్లో వుంది, పొడుగూ దగ్గరగానే సరిపోతుంది. కాని తీగల లావుకు గాళ్ళు వెడల్పు చెయ్యాలి, బిరడలు మార్చాలి, గుర్రం కింద పీజో పట్టీ దూర్చాలి. సరదాకైతే మంచి పనే. ఆదివారాలు గడిచిపోతూంటే మాత్రం కొనుక్కోవడమే మేలని నేనన్నాను.

సౌత్ స్ట్రీట్‌లో కమాకా వారి కర్మాగారం చూశాం. 1916లో మొదలైన వృత్తి. అక్కడి కోవా చెక్క యీ దీవుల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. మన తుమ్మకు దూరపు చుట్టం! బొబ్బిలి వీణకు పనస యెంతో వీరికి కోవా అంత. ఆ చెక్క ధర విని నేను బావ ముఖం చూశాను. బావ కిటికీలోంచి చూశాడు.

చివరకు వేరే దుకాణంలో, చౌకచెక్కతో చేసినది తీసుకున్నాం. అలాంటివి రెండు మూడు వందల డాలర్లకు దొరుకుతాయి. అయితే యాంప్లిఫయరు లేకపోతే గుంపులో వినబడదు. ఆ ఖర్చు ముందే కలుపుకోవాలి. మెట్లు లేనివి కూడా వున్నాయి. వీణ చేతికి మెట్లున్నదే నయమని చెల్లెలు దానినే ఎంచింది. కొత్త తీగలు కొన్నాళ్ళు సాగుతూనే వుంటాయి, మాటిమాటికీ శ్రుతి చెయ్యాలి. వేలికి అంటుకుంటాయి కూడా. అందుకు టాల్కం పౌడరే మందు.

ఆ ఆదివారం మర్రికింద చెల్లెలు మొదటి సా మీటగానే, పక్కనున్న ముసలాయన వాయించడం ఆపి ఆమె వేళ్ళకేసి చూశాడు. తరువాత పాటను కొంచెం నెమ్మదిగా ఎత్తుకున్నాడు, ఆమెకు అందేటట్టు.