మందగమన

మా ఊరు మాక్లూర్. పదకొండేళ్ళప్పుడు వరిమడి ఒడ్డు మీద పరిగెత్తబోయి పడ్డాను. కుడి పాదం లోపలికి మడతపడింది. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. వాపు తగ్గింది, నయమైందనుకున్నాం. కానీ ఆ కాలిని నేను మళ్ళీ పూర్తిగా నమ్మలేకపోయాను. బస్సు దిగేటప్పుడో, చదునైన నేల మీదో ఉన్నట్టుండి మడతపడేది.

అలాంటి కాలికి మూడంగుళాల హీల్స్ తొడిగాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. సెమినార్లలో పోడియం వెనక నా తల మాత్రమే కనిపించేది. డాక్టరేట్ వచ్చాక కూడా "ఏ ఇయర్ అమ్మా?" అని అడిగేవాళ్ళు. డిగ్రీ ఇవ్వని గౌరవమేదో ఆ మూడంగుళాలు ఇస్తాయనుకున్నాను.

హైదరాబాద్‌లో ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు మెట్ల మీద పడ్డాను. వాచిన కాలితోనే లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నా సిద్ధాంతగ్రంథం గురించి అడిగితే నాకే మాటలు దొరకలేదు. ఉద్యోగం రాలేదు. కాలివల్లే రాలేదని చెప్పలేను.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ ఎముకల బొమ్మ పట్టుకుని వివరంగా చెప్పింది. చీలమండ గూటిలో కూర్చునే ఎముక ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. మడమ పైకి లేచినప్పుడు ఆ సన్నటి భాగం గూటిలోకి వస్తుంది, పట్టు సడలుతుంది. నాకు బయటివైపు లిగమెంట్లు ఎప్పుడో సాగిపోయాయి. పాదం ఎటు వాలుతోందో కీలు పసిగట్టే శక్తి కూడా తగ్గింది. పైగా హీల్స్‌లో బరువంతా మునివేళ్ళవైపు జరుగుతుంది. అడుగు చిన్నదవుతుంది, నడక నెమ్మదిస్తుంది.

అక్కడ ఆగిపోయాను. నా పరిశోధన ప్రబంధాల్లో స్త్రీవర్ణనల మీద. మందగమన, హంసయాన, గజగమన అని కార్డుల మీద రాసుకుని, అలంకారాల కింద వర్గీకరించి పెట్టుకున్నాను. ఆ నడకతో ఆమె ఎక్కడికైనా వేళకు చేరగలదా అని ఒక్కసారీ అడగలేదు. కావ్యంలో తప్పుపట్టవలసిన నడకనే డబ్బిచ్చి కొనుక్కున్నాను.

2019లో జపాన్‌లో యుమి ఇషికావా ఉద్యోగినులకు హీల్స్ తప్పనిసరి చేయకూడదని ఉద్యమించింది. చెప్పు, నొప్పి అనే అర్థాలున్న రెండు జపనీస్ మాటలను కలిపి దానికి 'కూటూ' అని పేరు పెట్టారు. ఫిలిప్పీన్స్‌లో 2017లోనే అలాంటి నిబంధన కుదరదని ప్రభుత్వం ఆదేశమిచ్చింది. చదివి సంతోషించాను. కానీ నాకు ఏ యజమానీ ఆజ్ఞ ఇవ్వలేదు కదా! నాలోపల ఉన్న యజమాని మీద ఏ పిటిషన్ వెయ్యాలి?

ఆ సెలవుల్లో ఊరికి వెళ్ళాను. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ నా చెప్పులకేసి చూసింది. "గవ్వేస్కొని ఒడ్డు మీద నడుస్తవా బిడ్డా?" అంది. ఏళ్ళ తరబడి కూర్చుని చుట్టీ చుట్టీ తన మోకాళ్ళు పట్టేశాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి. మా ఇద్దరి నడకలూ ఎక్కడ పోయాయో లెక్క వేసుకుంటూ ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇప్పుడు రోజూ పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడతాను. అది డాక్టర్లు చెప్పిన వ్యాయామమే. కాలు మడతపడటం తగ్గింది. క్లాసులో పోడియం వదిలి పిల్లల ముందుకొచ్చి పాఠం చెబుతున్నాను. చదునైన చెప్పులతో, నా ఎత్తులోనే.

హీల్స్ మాత్రం అల్మారా మీద ఉన్నాయి. ఇంకా పారెయ్యలేదు. ఎందుకో నాకు తెలుసు.